మూసిన దేవాలయపు తలుపు

2020వ సంవత్సరము మార్చి నెల 20వ తేది శుక్రవారము సాయంకాలము మా సంఘపు పెద్దల కమిటీ కూడినది. ఆ ఆదివారము, అనగా 22వ తేదిని, దేశమంతటను జనతా కర్ఫ్యూ జరుగునని ముందటి రాత్రియే ప్రకటన వచ్చియుండెను. ఆ యొక్క ఆదివారమే ఆరాధన నిలుపవలెనా, లేక ఈ కరోనా జ్వరము తగ్గువఱకు దేవాలయమును మూసియుంచవలెనా యనునది ఆనాటి ప్రశ్న. నేను ప్రభుత్వ కార్యాలయమున గుమాస్తాపని నుండి విరమించి అప్పటికి ఏడాదియైన కాలేదు. సంఘపు లెక్కలును, రిజిస్టర్లును, తాళపుచెవులును నాయొద్ద నుండెను.

మా సంఘమును గూర్చి రెండు మాటలు చెప్పుట అవసరము. మా ముత్తాతగారి తరమువారు కడప జిల్లానుండి బెంగళూరు దండు ప్రదేశమునకు పనులకై వచ్చి యిచ్చటనే నిలిచిపోయిరి. మాది నాల్గవ తరము. మా పిల్లలు కన్నడ బడులలోను, ఇంగ్లీషు బడులలోను చదివినవారు. ఇంటిలో తెలుగు మాటలాడుదురే గాని అక్షరములు రావు. బజారున కన్నడము, ఇరుగుపొరుగున తమిళము, ఉద్యోగమున ఇంగ్లీషు. వారమునకు ఒకమారు రెండు గంటలసేపు శుద్ధమైన తెలుగు వారి చెవిని బడుచోటు దేవాలయ మొక్కటియే. ఇట్టి స్థితి ఈ సంచికను చదువు అనేక కుటుంబములకు, వారు ఏ మతమువారైనను, తెలియనిది కాదు.

కనుక ఆనాడు మూయుటకు వ్యతిరేకముగా మాటలాడినవారిలో నేను మొదటివాడను. వాంతిభేది వచ్చిన దినములలో మన పెద్దలు గుడి మూసిరా, దేవుని యింటికి వచ్చువానిని దేవుడు కాపాడలేడా యని గట్టిగానే అడిగితిని. ఒకసారి మూసిన తలుపునకు మరల జనము వత్తురా యను భయము కూడ లోపల నుండెను గాని, దానిని పైకి చెప్పలేదు.

మా కమిటీలో ఎనుబది దాటిన పెద్దమ్మగా రొకరుండిరి. పూర్వము మిషన్ బడిలో ఉపాధ్యాయినిగా పనిచేసినవారు. అందఱును టీచరమ్మగారని పిలుచుచుండిరి. ఆమె అంతవఱకు ఊరకుండి, "నాయనా, ఈమ్ వారు మూసినారు గదా, వారికి మనకంటె భక్తి తక్కువైనదా?" అనిరి. ఈమ్ అనగా నేమో అచ్చట నెవరికిని తెలియదు. అడుగుటకు మాకు సిగ్గైనది. ఓట్లు తీయగా మూయవలెనను పక్షమే గెలిచినది. తాళము వేసినవాడను నేనే.

తరువాత టెలిఫోనులో ఆమెనడిగి కొంతయు, పుస్తకములు సంపాదించి కొంతయు నేను తెలిసికొన్న ఈమ్ చరిత్రమునే యిచ్చట వ్రాయుచున్నాను.

ఈమ్ అనునది ఇంగ్లండులో డార్బీషైరు కొండప్రదేశమున నున్న చిన్న గ్రామము. పదునేడవ శతాబ్దమున అచ్చటివారికి సీసపు గనులును, గొఱ్ఱెల పెంపకమును, కొలదిపాటి సేద్యమును జీవనాధారములు. 1665లో లండను నగరమున ప్లేగు మహమ్మారి చెలరేగి సుమారు లక్షమందిని పొట్టబెట్టుకొనెను. ఈమ్ లండనునకు ఎంతో దూరము. కాని ఆ యేట వేసవి చివరను ఆ గ్రామపు దర్జీయైన అలెగ్జాండర్ హ్యాడ్‌ఫీల్డ్ ఇంటికి లండనునుండి బట్టల మూట యొకటి వచ్చినది. ఆ యింట పనిచేయుచున్న జార్జి వికర్స్ అనువాడు మూట విప్పి, బట్టలు చెమ్మగిల్లి యుండుటచే నిప్పు సెగకు ఆరవేసెను. ఆ బట్టలలో ప్లేగును మోయు ఈగిపురుగులు, అనగా ఎలుకలపై నుండు గెంతుడు పురుగులు, చేరియుండెనని ఇప్పటివారు చెప్పుదురు. కొద్ది దినములలోనే వికర్స్ జబ్బుపడి మరణించెను. సెప్టెంబరు 7వ తేదిని అతనిని పాతిపెట్టిరి. ఆ నెల ముగియునప్పటికి మఱికొందఱు పోయిరి. అక్టోబరులో ఇరువదిమందికి పైగా చనిపోయిరి. చలికాలమున జబ్బు కొంత శాంతించి, వసంతమున ఇక పోయినదని జనులు ఊపిరి పీల్చుకొనుచుండగా, 1666 జూను నెలలో మరల విజృంభించెను.

ఆ గ్రామపు సంఘస్థితిని ఇచ్చట కొంచెము వివరింపవలెను. ఏలయనగా కథకు మూలమంతయు అందే యున్నది. ఇంగ్లండులో అంతఃకలహము ముగిసి, 1660లో రాజు మరల సింహాసనమెక్కెను. 1662లో గురువులందఱును ఒకే ప్రార్థనపుస్తకమును అంగీకరింపవలెనని శాసనము చేసిరి. అంగీకరింపని గురువులు తమ పదవులు కోల్పోయిరి. ఈమ్ గ్రామ గురువు థామస్ స్టాన్లీ అట్టివారిలో నొకడు. అతడు పదవి పోయినను ఊరు విడువలేదు. జనులలో అనేకులు అతనినే తమ గురువుగా భావించుచుండిరి. 1664లో వచ్చిన క్రొత్త గురువు విలియం మాంపెసన్. ప్లేగునాటికి అతనికి ఇంకను ముప్పదియేండ్లు నిండలేదు. భార్య కేథరిన్, ఇద్దఱు చిన్నపిల్లలు. కేంబ్రిడ్జిలో చదివిన యువకుడు, రాజపక్షమువాడు. పాతగురువు ఊరిలోనే యుండగా క్రొత్తగురువు మాట ఎవరు విందురు? మన సంఘములలో నిట్టి వ్యవహారములు చూడనివారెవరు? కీర్తన రాగముపై వచ్చిన మాటపట్టింపుతో పదునాలుగేండ్లు ఒకే బల్లపై కూర్చుండియు మాటలాడని యిద్దఱు పెద్దలను నేనెఱుగుదును.

అట్టి స్టాన్లీయు మాంపెసనును ఆ జూను మాసమున కలిసి కూర్చుండి యాలోచించిరి. నా మట్టుకు ఈ చరిత్రలో అన్నింటికంటె పెద్ద సంగతి యిదియే. ఒకని చదువును, ఒకనిపై జనులకుగల నమ్మకమును జతకూడెను. ఇద్దఱును కలిసి ప్రజల యెదుట మూడు నియమములు పెట్టిరి. మొదటిది, చనిపోయినవారిని ఆలయపు ఆవరణలోనికి తేక, ఎవరి వారిని వారే తమ తోటలో గాని పొలములో గాని పాతిపెట్టుకొనవలెను. రెండవది, ఆలయమునకు తాళము వేసి, ఆరాధన వెలుపల ఆరుబయట జరుపవలెను. మూడవది మిక్కిలి కఠినము: ఊరివారెవరును గ్రామపు ఎల్ల దాటి పోరాదు, వెలుపలివారు లోపలికి రారాదు. జబ్బు చుట్టుప్రక్కల గ్రామములకు పాకకుండ తమలోనే నిలిపివేయుట దీని యుద్దేశము.

ఈ నియమములను మనము నేడు చదివి సులువుగా తల యూపవచ్చును. ఆనాటి క్రైస్తవునికి ఆలయపు నేలలో, తన తాతముత్తాతల ప్రక్కన, గురువు ప్రార్థన చదువగా పాతిపెట్టబడుట ఎంత ముఖ్యమో తలచిచూడవలెను. దానిని విడువుడని చెప్పినవారు గురువులే. ఆలయము మూయుడని చెప్పినవారును వారే. రాజాజ్ఞ రాలేదు, సిపాయీలు వచ్చి ఊరి చుట్టును నిలువలేదు.

ఊరి ప్రక్కన కక్‌లెట్ డెల్ఫ్ అను పచ్చని లోయ కలదు. అందొక రాతి కమాను వంటిది ప్రకృతిచేతనే ఏర్పడియున్నది. ఆ రాతిపై నిలిచి మాంపెసన్ ప్రసంగించుచుండెను. ఎదుట గడ్డిపై జనులు కుటుంబము కుటుంబముగా, ఒక యింటివారికిని మఱియొక యింటివారికిని నడుమ ఎడము విడిచి నిలుచుచుండిరి. ఆదివారము ఆదివారమునకు ఆ యెడములు పెరుగుచు వచ్చెననియు, తుదకు కొన్ని చోటులు వట్టివిగా నుండెననియు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆహారము మాటేమి? సమీపముననే చాట్స్‌వర్తు అను గొప్ప భవనమున నుండు డెవన్‌షైరు ప్రభువు సాయపడెను. చుట్టుప్రక్కల ఊరివారు రొట్టెలు, మాంసము, మందులు తెచ్చి ఎల్లయొద్ద దించిపోవుచుండిరి. స్టోనీ మిడిల్టన్ అను గ్రామమునకు పోవు దారిలో ఎల్లరాయి యొకటి నేటికిని కలదు. దానిలో ఆఱు గుంటలు తొలిచియున్నవి. ఆ గుంటలలో పులిసిన ద్రాక్షరసము, అనగా వినిగర్ పోసి, అందు సరుకుల వెల నాణెములుగా వేయుచుండిరి. కొండమీద మఱియొక నీటిబుగ్గయొద్దను ఇట్టి యేర్పాటే యుండెను. దానిని నేటికిని మాంపెసన్ బావి యనియే పిలుచుదురు. ప్లేగు సూక్ష్మజీవిని యెర్సిన్ అను వైద్యుడు హాంకాంగులో కనుగొన్నది 1894లో. అంతకు 228 ఏండ్లకు పూర్వమే ఆ పల్లెటూరివారు డబ్బు చేతులు మారినచో జబ్బును మారునని ఊహించి వినిగర్ పోసిరి. మేము 2020లో పాలపొట్లములను సబ్బునీళ్లతో కడుగుచున్నపుడు ఆ రాయి నాకు పలుమారు జ్ఞాపకము వచ్చెను.

జూలైలో 56 మంది, ఆగస్టులో 78 మంది మరణించిరి. చిన్న గ్రామమున ఒక నెలలో 78 మంది! ఊరికి కొంత దూరమున రైలీ అను పొలము కలదు. అచ్చటి ఎలిజబెత్ హాంకాక్ అను నామె ఆగస్టు 3వ తేదికిని 10వ తేదికిని నడుమ, ఎనిమిది దినములలో, తన భర్తను ఆఱుగురు బిడ్డలను పోగొట్టుకొనెను. నియమము ప్రకారము ఆమెయే ఒక్కొక్కరిని పొలములోనికి చేర్చి, గుంట త్రవ్వి, పాతిపెట్టెను. ఎదుటి కొండపైనుండి స్టోనీ మిడిల్టన్ వారు చూచుచుండిరి గాని దగ్గరకు రాలేకపోయిరని చెప్పుదురు. ఆ సమాధులు ఒక గుండ్రని రాతిగోడ లోపల నేటికిని నిలిచియున్నవి. గుంటలు త్రవ్వుటకు ఇంట నెవరును మిగులని చోట మార్షల్ హౌ అనువాడు ఆ పని చేయుచుండెను. అతనికి ప్లేగు వచ్చి తగ్గియుండుటచే మరల రాదని ధైర్యము. చనిపోయినవారి సామానులలో కొంత తన కూలిగా తీసికొనుచుండెనని అపవాదము కలదు. అట్టివాడును ఆ కథలో నుండుట మంచిదే. లేనిచో ఇది మనుష్యులు నివసించిన ఊరివలె కనబడదు.

మాంపెసన్ తన యిద్దఱు పిల్లలను ముందే ఊరినుండి పంపివేసియుండెను. కేథరిన్ మాత్రము భర్తను విడిచిపోవుటకు ఒప్పుకొనలేదు. జబ్బుపడినవారి యిండ్లకు తానును పోవుచుండెను. ఒకనాటి సాయంకాలము భార్యాభర్తలు నడచుచుండగా ఆమె గాలి యెంతో తీయగా పరిమళించుచున్నదనెననియు, అది ప్లేగు లక్షణమని ఎఱిగిన భర్త గుండె జల్లుమనెననియు చెప్పుదురు. 1666 ఆగస్టు 25వ తేదిని ఆమె మరణించెను. వయస్సు ఇరువదియేడు. ఆమె సమాధి ఆలయపు ఆవరణలోనే యున్నది. ఎవరి వారిని వారి పొలములోనే పాతవలెనను నియమమునకు ఇది విరుద్ధము గదా యని నా గుమాస్తాబుద్ధికి తోచినమాట నిజము. నలువది యేండ్లు రూల్సు చూచిన కన్నులు! కాని ఆ గురువునకు ఆ గుడి ఆవరణయే యిల్లును వాకిలియు నని తరువాత తట్టినది.

నవంబరు 1వ తేదితో మరణములు ఆగినవి. మాంపెసన్ ఊరిలోని ఉన్నిబట్టలను, పరుపులను కాల్పించెను. ముందుగా తనవే కాల్చుకొనెను. మొత్తము చనిపోయినవారు సుమారు 260 మంది. పూర్వము గ్రంథకర్తలు ఊరి జనము 350 అని వ్రాయుచుండిరి. పన్నుల జాబితాలు చూచినవారు జనము అంతకు రెట్టింపు ఉండవచ్చునని ఇటీవల లెక్కించుచున్నారు. ఏ లెక్కయైనను మూడింట ఒకవంతునకు తక్కువ కాదు. స్టాన్లీ 1670లో ఈమ్‌లోనే కన్నుమూసెను. మాంపెసన్ నాటింగ్‌హాంషైరులోని ఈక్రింగ్ అను గ్రామమునకు గురువుగా పోయెను. అచ్చటివారు ప్లేగు ఊరినుండి వచ్చినవాడని భయపడి మొదట ఊరిలోనికి రానీయలేదనియు, కొంతకాలము వెలుపల గుడిసెలో నుండెననియు చెప్పుదురు. ఈమ్‌లో ప్రతి సంవత్సరము ఆగస్టు చివరి ఆదివారమున ఆ లోయలోనే ప్లేగు ఆదివారమను స్మారక ఆరాధన జరుపు ఆచారము కలదు.

ఈ కథను యథాతథముగా నమ్మరాదనువారును కలరు. అది న్యాయమే. ఈమ్ కథ నేడు మనము వినునట్టి రూపమున లోకమునకు ప్రసిద్ధమైనది పందొమ్మిదవ శతాబ్దములో. విలియం వుడ్ అను స్థానికుడు 1842లో ఆ గ్రామచరిత్రమును ప్రచురించెను. ఆ కాలమువారికి త్యాగకథలపై మక్కువ యెక్కువ. గురువు మహావీరుడుగను, జనులు మూగ గొఱ్ఱెలుగను ఆ కథలో మారిపోయిరని పాట్రిక్ వాలిస్ అను చరిత్రకారుడు ఈ శతాబ్ది ఆరంభమున విమర్శించెను. ధనవంతులు కొందఱు మొదటనే ఊరు విడిచిపోయిరి, పేదలకు పోవుటకు చోటు లేదు, కనుక అందఱును మనఃపూర్వకముగా నిలిచిరనుట ఎట్లు? గురువు తన పిల్లలను పంపివేసి ఇతరుల పిల్లలను ఆపెను గదా? ఈ ప్రశ్నలకు నేను సమాధానము చెప్పజాలను. 2016లో ఈమ్ రిజిస్టరును గణితముతో పరిశీలించిన శాస్త్రజ్ఞులు, ఆ గ్రామమున జబ్బు ఎలుకలవలన వచ్చినది నాలుగింట ఒకవంతేననియు, తక్కినది మనిషినుండి మనిషికి, విశేషముగా ఒకే యింటివారిలో, పాకినదనియు తేల్చిరి. అట్లయినచో ఊరివారు ఇల్లు కదలకుండుటవలన తమలో తాము ఎక్కువ నష్టపోయియుందురు. ఎడము విడిచి ఆరుబయట నిలిచి ప్రార్థించుట మాత్రము సరియైన పనియే యగును. ప్రక్క గ్రామములు బ్రదికినవి. ఆ లాభము వారిది, నష్టము వీరిది. త్యాగమను మాటను వాడుటకు నాకు జంకు లేదు.

ఇదే ప్లేగు 232 ఏండ్ల తరువాత, 1898 ఆగస్టులో, హుబ్బళ్ళినుండి రైలు మార్గమున మన బెంగళూరునకు వచ్చినది. ఆ కథ ఇచ్చటి పాతకుటుంబముల వారందఱికిని ఎంతోకొంత తెలియును. రైలు స్టేషన్లలో ప్రయాణికులను నిలిపి పరీక్షించుట, రోగులను వారి యింటివారిని శిబిరములకు తరలించుట, ఇండ్లకు సున్నము కొట్టి పెంకులు తీసి ఎండ లోపలికి పడునట్లు చేయుట – ఇవి ఆనాటి పద్ధతులు. మా నాయనమ్మ, తన తల్లివలన వినినదై, ఊరివెలుపల చాపలతో కట్టిన గుడిసెలలో నెలల తరబడి కాపురముండిన సంగతి చెప్పుచుండెడిది. ఇఱుకు వీధులు విడిచి మల్లేశ్వరము, బసవనగుడి వంటి క్రొత్త పేటలు పెరుగుటకు ఆ ప్లేగే ముఖ్యకారణము. వీధి చివరలలోని ప్లేగు మారమ్మ గుడులు ఆనాటివారి భయభక్తులకు గుర్తు. ఆ నియమములన్నియు పైనుండి వచ్చినవి. పుణెలో అంతకు ముందటి యేడు అట్టి నియమములను జనుల మానమర్యాదలు చూడక అమలు జరుపుటచేతనే 1897 జూను 22న ర్యాండ్ అను అధికారిని చాపేకరు సోదరులు కాల్చిరి. నియమము మంచిదైనను, దానిని ఎవరు, ఎట్లు చెప్పిరనునది ఎంత ముఖ్యమో దీనివలన తెలియును. ఈమ్‌లో చెప్పినవారు పాతగురువును క్రొత్తగురువును. మా కమిటీలో చెప్పినవారు టీచరమ్మగారు.

ఇక మా సంగతి. మార్చి 25నుండి లాక్‌డౌన్ వచ్చుటచే మా ఓటు చర్చ నిమిత్తమాత్రమైనది. మొదటి ఆదివారములు శూన్యముగా గడచినవి. ఆ మార్చి 27న రోమునగరమున వట్టి చౌకులో వానలో పోపుగారు ఒంటరిగా ప్రార్థించుటను టెలివిజనులో చూచి, మా సంఘము ఆ సంఘము కాకపోయినను, మా యింట అందఱమును లేచి నిలిచితిమి. ఏప్రిల్ 5న మట్టల ఆదివారము. ఖర్జూరపు మట్టలు ఎచ్చట దొరకును? కొందఱు పిల్లలు కాగితముతో మట్టలు కత్తిరించి కిటికీలకు కట్టిరి. ఏప్రిల్ 12న పునరుత్థానపు ఆదివారము. తెల్లవారుజామున సమాధులతోటకు పోయి, పెద్దల సమాధులయొద్ద క్రొవ్వొత్తులు వెలిగించి పాడుట మా తాతలనాటి ఆచారము. ఆ యేడు తోట గేటు మూసియుండెను. అయ్యగారు ఫోనులో అందఱికిని తెలిపిరి: ఉదయము ఐదు గంటలకు ఎవరి మిద్దెపై వారు నిలిచి, ఒకే కీర్తన, ఒకే వేళకు పాడవలెనని. మా వీధిలో మా సంఘపు ఇండ్లు మూడే. మూడు మిద్దెలనుండియు పాట లేచినపుడు ఎదుటింటి కన్నడిగులు దీపము వెలిగించి వాకిట నిలిచిరి. రాగము మూడిండ్లవారిదియు మూడు విధములుగా నుండెను. అది వేఱు విషయము.

ఫోనులో ఆరాధన మొదలైన తరువాత మా అసలు లోపము బయటపడినది. దేవాలయమున పెద్దలు పాడుచుండగా పిల్లలును పెదవులు కదపుచు పాడుచున్నట్లే యుండెడివారు. ఇంటిలో ఒంటరిగా పాడవలసివచ్చినపుడు వారికి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము చదువరాదని తెలిసినది. నా మనుమడే ఆ పుస్తకమును తలక్రిందులుగా పట్టుకొనెను. టీచరమ్మగారు ఒక పరిష్కారము చెప్పిరి. మొదట కీర్తనలను కన్నడ అక్షరములలో వ్రాసి వాట్సాప్‌లో పంపవలెను. ఆ ప్రక్కనే తెలుగు అక్షరములలోను వ్రాయవలెను. రెండు లిపులును అక్కచెల్లెండ్రు గదా, తలకట్టు తేడా తెలిసినచో తక్కినది పిల్లలకు తామే వచ్చునని ఆమె అనిరి. ఎనుబది దాటిన ఆమె ప్రతి శనివారము సాయంకాలము ఫోనులో పిల్లలకు అక్షరములు చెప్పిరి. వ్రాత నాది. కార్యాలయములో గుండ్రని దస్తూరికి నాకు కొంత పేరుండెడిది. అది ఇన్నాళ్లకు పనికివచ్చెను.

మా స్త్రీలకు పిడికెడు బియ్యపు కానుక యను ఆచారము కలదు. అన్నమునకు బియ్యము కొలుచునపుడు ఒక పిడికెడు తీసి వేఱొక డబ్బాలో వేసి, వారాంతమున దేవాలయమునకు తెత్తురు. దేవాలయము మూసినను డబ్బాలలో పిడికిళ్లు పడుట ఆగలేదు. ఏప్రిల్‌లో ఒకనాడు అయ్యగారికి కబురు వచ్చినది. కట్టడపు పనికి రాయలసీమనుండి వచ్చిన తెలుగు కూలీలు రేకుల షెడ్లలో పనిలేక, బండ్లులేక చిక్కుకొనియున్నారని. పోలీసువారి అనుమతి చీటితో యువకులిద్దఱు ఇంటింటికి పోయి, గడపయొద్ద పెట్టిన డబ్బాలు తీసికొని, ఆ షెడ్లకు చేర్చిరి. మేము దూరమునుండి సంచులు దించితిమి. వారు వచ్చి తీసికొనిరి. ఎల్లరాయి వినిగరు లేదు గాని తక్కినదంతయు అట్లే జరిగినది. ఆ కూలీలలో మా మతమువారెందఱో నేనడుగలేదు. మన మాట మాటలాడువారని మాత్రము తెలిసినది.

జూను 8నుండి ప్రార్థనస్థలములు తెఱువవచ్చునని ప్రభుత్వము అనుమతించెను. ఈమారు కమిటీలో తొందరపడవద్దని చెప్పినవాడను నేను. కొందఱు నన్ను చూచి నవ్విరి. నవ్వదగినదే.

1666 వసంతమున ఈమ్ వారు మోసపోయినట్లే 2021 ఆరంభమున మనమును మోసపోతిమి. ఏప్రిల్ 4న పునరుత్థాన పండుగను దేవాలయములో, ముఖమునకు గుడ్డ కట్టుకొని, బల్లకు ఇరువురు చొప్పున కూర్చుండి జరుపుకొంటిమి. ఆ నెల ముగియులోపలనే రెండవ అల వచ్చినది. పడకకొఱకు, ప్రాణవాయువుకొఱకు రాత్రింబవళ్లు ఫోనులు చేసిన ఆ దినములను ఇచ్చట వర్ణింపను. భూస్థాపన రిజిస్టరు నా చేతిలోనిది. మామూలుగా మా సంఘమున ఒక పుట నిండుటకు రెండేండ్లు పట్టును. ఆ మే నెలలోనే ఒక పుట నిండినది.

ఆ పుటలో నాల్గవ వరుస టీచరమ్మగారిది. ఆసుపత్రివారు ముద్రవేసిన సంచిలో అప్పగించిరి. ముఖము చూచుటకు వీలులేదు. కుమారుడు అమెరికాలో నుండెను. మనుమడును, అయ్యగారును, కాపుదల దుస్తులు తొడిగిన నలుగురు యువకులును మాత్రమే తోటలోనికి పోయిరి. ఆ నలుగురిలో ఇద్దఱు ఆమెకు తెలియనివారు. ఎవరి శవమునైనను మతము చూడక మోయుచుండిన స్వచ్ఛందసేవకులు. తక్కినవారము గేటు వెలుపల, రోడ్డు కావలివైపున, ఒకరికొకరు దూరముగా నిలిచితిమి. కీర్తనకు పుస్తకము ఎవరును తేలేదు. మా మనుమడు ఫోను తీసి, తెలుగు అక్షరములు చూచుచు, మొదటి చరణము ఎత్తుకొనెను. వానికి అప్పటికి పదునొకండేండ్లు. "తాతయ్యా, ఈ అక్షరమేమి?" యని నడుమ ఒకచోట ఆగి నన్నడిగెను. నాకు కన్నులు కనబడకుండుటచే ప్రక్కనున్నవారు చెప్పిరి.

ఆ తరువాత నెమ్మదిగా అన్నియు మరల మొదలైనవి. దేవాలయమునకు జనము తిరిగి రారను నా పాతభయము సగము నిజమైనది. యౌవనస్థులు కొందఱు ఫోనులోనే వినుటకు అలవాటుపడిరి. దూరపు పేటలలో నుండి పూర్వము రాలేని ముసలివారు కొందఱు ఫోనుద్వారా క్రొత్తగా చేరిరి. శనివారపు అక్షరాల పాఠము ఆగలేదు. మా కోడలు నడుపుచున్నది. నా మనుమడు నేడు పాఠము చదువుటకు బల్లయొద్దకు పోవుచున్నాడు. శ, ష లకు భేదము ఇంకను రాలేదు.

ప్రభు భోజనమునకు అందఱును ఒకే పాత్రనుండి త్రాగు పాతపద్ధతి మాత్రము మాకు మరల రాలేదు. ఇప్పుడు చిన్నచిన్న గాజు గిన్నెలు వాడుచున్నాము. మా తాతలనాటి వెండిపాత్రను పండుగలకు ముందు తీసి, చింతపండుతో తోమి, మరల బీరువాలో పెట్టుదును. ఆ బీరువా తాళపుచెవి నాయొద్దనే యున్నది.